వెనుక నిలిచిన ఆటగాడు

సోనేపూర్ సముద్రపుటొడ్డున ఇసుకలో పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారనుకోండి. గోలుకు గుర్తుగా రెండు కర్రలు పాతారు. రెండు జట్లుగా విడిపోయారు. “నేను ముందు ఆడతాను” అంటే “నేను ముందు ఆడతాను” అని అందరూ పోటీపడతారు. వెనుక ఎవరు నిలబడతారంటే మాత్రం ఎవరూ పలకరు. చివరకు అందరికంటే చిన్నవారినో, పరుగెత్తలేనివారినో అక్కడ నిలబెడతారు. ఇది సరైన పద్ధతేనా? ఆట తెలిసినవారు కాదనే అంటారు.

ఫుట్‌బాల్ జట్టులో 11 మంది ఉంటారు. గోలు చేయడానికి ముందుకు దూసుకుపోయేవారు ఫార్వర్డులు. మధ్యలో ఉండి బంతిని అందించేవారు హాఫ్‌లు. తమ గోలుకు ముందు నిలిచి ఎదుటివారిని అడ్డుకొనేవారు బ్యాక్‌లు. వీరినే డిఫెండర్లు అనికూడా అంటారు. వీరందరి వెనుక గోల్‌కీపరు ఉంటాడు.

డిఫెండరు పని బంతిని బలంగా తన్నడం ఒక్కటే కాదు. బంతి ఎక్కడికి రాబోతున్నదో ముందే పసిగట్టాలి. ఎదుటి ఆటగాడికి గోలువైపు దారి దొరకకుండా నిలవాలి. తొందరపడి కాలు చాపితే అతడు పక్కనుంచి దాటిపోతాడు. అందుచేత డిఫెండరుకు వేగంతోపాటు ఓర్పు కూడా కావాలి.

డిఫెండర్లందరూ కలిసి కదలడం మరీ ముఖ్యం. ఒడ్డునుంచి పెద్దవల లాగడం మీలో చాలామంది చూసే ఉంటారు. రెండు కొసలనూ రెండు గుంపులు పట్టి ఒకే తీరుగా లాగాలి. ఒకవైపువారు వెనుకబడితే వల వంకరపోతుంది, చేపలు తప్పించుకుంటాయి. డిఫెండర్ల వరుస కూడా అటువంటిదే. ఆఫ్‌సైడ్ నియమం ప్రకారం, బంతిని అందించే క్షణంలో గోలు గీతవైపున కనీసం ఇద్దరు ప్రత్యర్థులు లేకుండా ముందుకు పోయి నిలిచినవాడు ఆ బంతిని అందుకోకూడదు. డిఫెండర్లు నలుగురూ ఒకేసారి ముందుకు జరిగితే ఎదుటివాడు ఈ నియమానికి చిక్కుతాడు. ముగ్గురు జరిగి ఒకడు వెనుకనే ఉండిపోతే, ఆ ఒక్కడివల్ల వాడు తప్పించుకుంటాడు.

ఇటువంటి ఆటలో పేరు పొందినవారు సయ్యద్ నయీముద్దీన్. ఆయన 1944లో హైదరాబాదులో జన్మించారు. ఆ రోజుల్లో ఆ నగరం ఫుట్‌బాల్‌కు పుట్టిల్లు వంటిది. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే భారతజట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు సాధించింది. ఆ వాతావరణంలో పెరిగిన నయీముద్దీన్ తర్వాత కలకత్తా చేరి ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ అనే మూడు పెద్ద క్లబ్బులకూ ఆడారు.

1970లో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా క్రీడలకు భారతజట్టు నాయకుడు ఆయనే. మూడవ స్థానం కోసం జరిగిన ఆటలో భారత్ జపానును ఎదుర్కొన్నది. జపాను సామాన్యమైన జట్టు కాదు. రెండేళ్ళ క్రితమే, 1968లో, మెక్సికో ఒలింపిక్స్‌లో కంచు పతకం పొందిన దేశం. అయినా భారత్ 1-0 తేడాతో గెలిచింది. తేడా ఒక్క గోలే! వెనుక ఒక్కరు ఏమరుపాటుగా ఉన్నా ఆ గెలుపు నిలిచేది కాదు. గోలు చేసినవాడి పని ఒక్క క్షణంలో కనిపిస్తుంది. గోలు కాకుండా ఆపినవారి పని ఆట ముగిసేదాకా సాగుతూనే ఉంటుంది. ఆ కంచు పతకం తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన పురుషుల జట్టుకు మరొక పతకం రాలేదు.

ఆట మానిన తర్వాత నయీముద్దీన్ శిక్షకులయ్యారు. వెనుక నిలిచి ఆడేవాడి కళ్ళకు మైదానమంతా ఎదురుగా ఉంటుంది. ఎవరు ఎక్కడ ఉన్నారో, ఎక్కడ ఖాళీ ఉన్నదో చూస్తూ తోటివారిని హెచ్చరించడం అతనికి అలవాటవుతుంది. శిక్షకుడికి కావలసిన చూపు కూడా అదే. క్రమశిక్షణ విషయంలో నయీముద్దీన్ చాలా కఠినులని పేరు. 1990లో ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ జట్టు డ్యూరాండ్ కప్పు, రోవర్స్ కప్పు, ఐ.ఎఫ్.ఎ. షీల్డు మూడింటినీ గెలుచుకున్నది. ద్రోణాచార్య పురస్కారం పొందిన తొలి ఫుట్‌బాల్ శిక్షకులు ఆయనే. 1997లో అర్జున పురస్కారం కూడా లభించింది.

అయితే శిక్షకుడి జీవితం పూలబాట కాదు. 2005 డిసెంబరులో కరాచీలో జరిగిన దక్షిణాసియా పోటీల ఫైనల్లో ఆయన శిక్షణలోని భారతజట్టు బంగ్లాదేశ్‌ను 2-0తో ఓడించింది. రెండు నెలలైనా గడిచాయో లేదో, 2006 ఫిబ్రవరిలో అదే జట్టు జపాను చేతిలో 0-6తో ఓడిపోయింది. నాయకుడిగా తాను గెలిచిన దేశం చేతిలోనే, శిక్షకుడిగా అంత పెద్ద ఓటమి! ఆ ఏడాదే భారతజట్టు బాధ్యత మరొకరికి వెళ్ళింది. కాని ఆయన ఆటను విడిచిపెట్టలేదు. 2007లో బంగ్లాదేశ్ జాతీయ జట్టుకు శిక్షకులయ్యారు. ఒకనాడు ఓడించినవారికే ఆట నేర్పడానికి వెళ్ళారన్నమాట.

గెలిస్తే పేరు గోలు చేసినవారికి వస్తుంది. ఓడితే నింద వెనుకవారి మీద, శిక్షకుడి మీద పడుతుంది. ఇది తెలిసి కూడా ఆ స్థానాల్లో నిలిచేవారు ఉండబట్టే జట్టు జట్టుగా ఉంటుంది. ఇంటిలోనూ, ఊరిలోనూ, బడిలోనూ ఇటువంటివారు ఉంటారు. ఈసారి ఇసుకలో ఆడేటప్పుడు “వెనుక ఎవరు?” అని అడిగితే, “నేను” అనడానికి సందేహించకండి.

కొత్త పదాలు

పసిగట్టు = ముందుగా తెలుసుకొను
ఏమరుపాటు = అజాగ్రత్త
ప్రత్యర్థి = ఎదుటి పక్షంవాడు
తీర్చిదిద్దు = చక్కగా రూపొందించు

ప్రశ్నలు

1. డిఫెండరుకు ఓర్పు ఎందుకు అవసరం?
2. వల లాగడానికీ, డిఫెండర్ల వరుసకూ గల పోలిక ఏమిటి?
3. 1970లో జపానుపై సాధించిన గెలుపు ఎందుకు గొప్పది?
4. మీ ఊరిలో పేరు కోరకుండా పనిచేసే ఒకరిని గురించి ఐదు వాక్యాలు రాయండి.