బడ్జెట్‌లో కంప్యూటర్ మానిటర్ కొంటున్నారా?.. సైజ్ చూసి పడిపోతే అసలుకే ఎసరు.. ముందు ఈ విషయాలు తెలుసుకోండి!

ల్యాప్‌టాప్ ముందు తల వంచుకుని గంటల తరబడి కూర్చుంటే మెడ పట్టేయడం, కళ్లు లాగడం మామూలే. అందుకే ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులు, కోడింగ్ నేర్చుకునే స్టూడెంట్స్, రోజంతా లెక్కలు చూసే అకౌంటెంట్లు ఓ పెద్ద వైడ్‌స్క్రీన్ మానిటర్ తీసుకోవాలనుకుంటారు. సుమారు 7 వేల నుంచి 12 వేల రూపాయల మధ్య బోలెడు మోడల్స్ కనిపిస్తాయి. అన్ని బాక్సుల మీదా దాదాపు అవే మాటలు.. ఫుల్ హెచ్‌డీ, 1 మిల్లీసెకండ్, 1.67 కోట్ల రంగులు. మరి ఏది తీసుకోవాలి? మానిటర్ ఫోన్‌లా రెండేళ్లకోసారి మార్చే వస్తువు కాదు. ఒకసారి కొంటే ఏళ్ల తరబడి రోజూ దాని ముందే కూర్చోవాలి. అందుకే బాక్స్ మీద పెద్దగా రాసిన అంకెల కంటే, చిన్న అక్షరాల్లో ఉన్నవి చూడటమే ముఖ్యం.

19 అంగుళాలంటే అన్నీ ఒకటి కావు

మానిటర్ సైజ్‌ను ఒక మూల నుంచి ఎదురు మూలకు ఐమూలగా కొలుస్తారు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. పాత 19 అంగుళాల స్క్వేర్ మానిటర్ ఎత్తు దాదాపు 12 అంగుళాలు. దాన్ని తీసేసి 19 అంగుళాల పేరుతో అమ్మే వైడ్‌స్క్రీన్ పెడితే ఎత్తు 9 అంగుళాలకు పడిపోతుంది. కొత్త మానిటర్ వచ్చినా ఎక్సెల్ షీట్‌లో కనిపించే వరుసలు తగ్గిపోతాయి. పాత దాని ఎత్తు రావాలంటే 24 అంగుళాల వైడ్‌స్క్రీన్ తీసుకోవాల్సిందే. పైగా ఈ చిన్న సైజుల్లో 1366×768 రెజల్యూషన్ మోడల్స్ ఎక్కువ. 1920×1080 అని ఉందో లేదో చూశాకే డబ్బులు కట్టాలి.

24 కొనాలా? 27 కొనాలా?

‘ఇంకో రెండు వేలు వేస్తే 27 అంగుళాలు వస్తుంది కదా’ అనిపించడం సహజం. కానీ ఫుల్ హెచ్‌డీలో ఉండే పిక్సెల్స్ ఎప్పుడూ అంతే.. 20 లక్షల 73 వేలకు పైగా. స్క్రీన్ పెరిగితే అవే పిక్సెల్స్ సాగుతాయి తప్ప కొత్తవి పుట్టవు. 24 అంగుళాల్లో అంగుళానికి సుమారు 92 పిక్సెల్స్ ఉంటే, 27 అంగుళాల్లో 82 దగ్గరే ఆగిపోతాయి. దూరం నుంచి సినిమా చూడటానికి ఇబ్బంది లేదు. దగ్గర కూర్చుని అక్షరాలు చదివితే మాత్రం అంచులు గరుకుగా కనిపిస్తాయి. తెలుగు లాంటి వంకరలున్న లిపిలో, ముఖ్యంగా చిన్న ఒత్తుల దగ్గర ఈ తేడా తెలుస్తుంది. చదవడం, రాయడమే ప్రధాన పని అయితే ఫుల్ హెచ్‌డీకి 22 నుంచి 24 అంగుళాలు సరైన సైజ్.

ప్యానెల్ పేరు తప్పకుండా చూడాలి

ఐపీఎస్ ప్యానెల్ అయితే పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారవు. ఇంట్లో ఇద్దరు ముగ్గురు కలిసి చూసేందుకు, ఫొటో పనులకు ఇది మంచిది. అయితే చీకటి గదిలో నలుపు కాస్త బూడిద రంగులో కనిపిస్తుంది. వీఏ ప్యానెల్‌లో నలుపు చిక్కగా ఉంటుంది, సినిమాలకు బాగుంటుంది. కానీ చీకటి సీన్లు వేగంగా కదిలితే మరకలా సాగినట్టు అనిపించొచ్చు. టీఎన్ ప్యానెల్‌ను కింది నుంచి చూస్తే రంగులు నల్లబడిపోతాయి. ధర మరీ తక్కువ ఉండి ప్యానెల్ పేరు ఎక్కడా రాయలేదంటే అనుమానించాల్సిందే. ఇక రివ్యూ వీడియోలు చూసి రంగులు అంచనా వేయొద్దు. ఆ వీడియోలో మనకు కనిపించేది మన ఫోన్ స్క్రీన్ రంగులే కానీ, ఆ మానిటర్‌వి కావు.

ఈ అంకెలకు పడిపోవద్దు

‘1 మిల్లీసెకండ్’ అన్నది చాలా బడ్జెట్ మోడల్స్‌లో బ్యాక్‌లైట్‌ను ఆపి వెలిగించే ప్రత్యేక మోడ్‌లో కొలిచిన లెక్క. ఆ మోడ్ ఆన్ చేస్తే వెలుతురు తగ్గిపోతుంది. లక్షలు, కోట్లలో రాసే డైనమిక్ కాంట్రాస్ట్‌నూ పట్టించుకోనక్కర్లేదు. అసలు కాంట్రాస్ట్ ఐపీఎస్‌లో సుమారు 1000:1, వీఏలో 3000:1 ఉంటుంది. హెచ్‌డీఆర్ అని రాసి ఉన్నా బ్రైట్‌నెస్ 250 నిట్స్ అయితే పెద్ద ప్రయోజనం ఉండదు. డిస్‌ప్లే హెచ్‌డీఆర్ సర్టిఫికేషన్‌లో అన్నిటికన్నా కింది మెట్టుకే 400 నిట్స్ కావాలి.

కొనే ముందు ల్యాప్‌టాప్ పోర్టులు చూసుకోండి

మీ ల్యాప్‌టాప్‌కు హెచ్‌డీఎంఐ ఉందా, లేక టైప్-సీ మాత్రమే ఉందా? అన్ని టైప్-సీ పోర్టుల నుంచీ వీడియో రాదు. కొన్ని ఛార్జింగ్‌కు, డేటాకు మాత్రమే పనికొస్తాయి. వీజీఏ కేబుల్‌తోనూ పని నడుస్తుంది కానీ అక్షరాలు మసకగా కనిపించే అవకాశం ఉంది. చాలా బడ్జెట్ మానిటర్లలో స్పీకర్లు ఉండవు, ఆ ఖర్చూ లెక్కేసుకోవాలి. వెనకాల వెసా మౌంట్ రంధ్రాలు ఉంటే మంచిది. రేపు గోడకో, ఆర్మ్ స్టాండ్‌కో బిగించుకోవచ్చు.

‘జీఎస్టీ తగ్గింది’ అంటే నమ్మొచ్చా?

2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది 32 అంగుళాలు దాటిన వాటికి. అంతకంటే చిన్న మానిటర్లపై 2019 జనవరి 1 నుంచే 18 శాతం ఉంది. కాబట్టి 24 అంగుళాల మానిటర్‌కు ‘కొత్త జీఎస్టీ ఆఫర్’ అని ఎవరైనా చెబితే అది మాటల గారడీనే. సికింద్రాబాద్ సీటీసీ లాంటి మార్కెట్లలో సెకండ్ హ్యాండ్, రీఫర్బిష్డ్ మానిటర్లు చవగ్గా దొరుకుతాయి. అక్కడైతే ఆన్ చేసి, తెల్ల స్క్రీన్ పెట్టి చూశాకే బేరమాడాలి. పేరు తెలియని కొత్త బ్రాండ్ అయితే వెనక లేబుల్ మీద బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబర్ చూసి, బీఐఎస్ కేర్ యాప్‌లో చెక్ చేసుకోవచ్చు.

ఇంటికొచ్చాక మొదటి రోజే ఇవి చేయాలి

రిటర్న్ గడువు కొద్ది రోజులే ఉంటుంది. అందుకే బాక్స్, థర్మాకోల్ అప్పుడే పారేయొద్దు. స్క్రీన్ నిండా తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు ఒక్కొక్కటిగా పెట్టి చూడాలి. కదలని చుక్క కనిపిస్తే వెంటనే ఫొటో తీసి కంప్లైంట్ ఇవ్వాలి. గడువు దాటితే కష్టం. ఒకటి రెండు చుక్కలుంటే వారంటీ కింద మార్చబోమని చాలా కంపెనీల నిబంధనల్లోనే ఉంటుంది. అమ్మినవాళ్లు పట్టించుకోకపోతే బిల్లు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

ఇక సెట్టింగ్స్. 100 హెర్ట్జ్ మానిటర్ కొని 60 దగ్గరే వాడేవాళ్లు చాలామందే ఉన్నారు. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రెజల్యూషన్ 1920×1080 పెట్టి, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో రిఫ్రెష్ రేట్ మార్చుకోవాలి. స్క్రీన్ చుట్టూ నల్ల అంచు వచ్చినా, రంగులు వెలిసిపోయినట్టున్నా మానిటర్ పాడైందని కంగారు పడొద్దు. కంప్యూటర్ దాన్ని టీవీ అనుకుంటే ఇలా జరుగుతుంది. గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో స్కేలింగ్, కలర్ రేంజ్ మారిస్తే సాధారణంగా సరైపోతుంది.

మెడ, కళ్లు బాగుండాలంటే..

బడ్జెట్ మానిటర్ల స్టాండ్ చాలావరకు ముందుకూ వెనక్కూ వంగుతుందే తప్ప ఎత్తు పెరగదు. అలాగే వాడితే మళ్లీ తల వంచాల్సిందే. కింద గట్టి చెక్కపీటో, లావుపాటి పుస్తకాలో పెట్టి స్క్రీన్ పై అంచు కంటి ఎత్తుకు వచ్చేలా చూసుకోవాలి. చేయి చాపితే అందేంత దూరంలో ఉండాలి. కిటికీ వెలుతురు నేరుగా స్క్రీన్ మీద పడకూడదు. బ్రైట్‌నెస్ ఎంత ఉండాలో తెలియకపోతే పక్కన ఓ తెల్ల కాగితం పెట్టి, దానితో సమానంగా కనిపించేదాకా తగ్గించండి.

బ్లూ లైట్ కళ్లద్దాల కోసం ప్రత్యేకంగా ఖర్చు పెట్టనక్కర్లేదు. స్క్రీన్ చూసేటప్పుడు కంటి అలసటకు బ్లూ లైట్ కాదు, రెప్పలు తక్కువ వేయడమే ప్రధాన కారణమని అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆఫ్తాల్మాలజీ చెబుతోంది. ప్రతి 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూస్తే చాలు. అయినా తలనొప్పి తగ్గకపోతే కంటి డాక్టర్‌కు చూపించుకోవాలి.

కరెంటు బిల్లు గురించి భయం అక్కర్లేదు. 20 వాట్ల మానిటర్ రోజూ 8 గంటలు వాడినా నెలకు 5 యూనిట్లలోపే.

మొత్తంగా చూస్తే.. చదువుకు, ఆఫీస్ పనికి 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ, ఐపీఎస్ ప్యానెల్, 75 లేదా 100 హెర్ట్జ్, హెచ్‌డీఎంఐ పోర్ట్ ఉంటే సరిపోతుంది. 27 అంగుళాల మీదకు మనసు పోతే ఆ అదనపు డబ్బుతో విడిగా కీబోర్డ్, మౌస్ తీసుకోండి. మెడ మీద భారం తగ్గించేవి అవే.