తల్లిపై నింద తగదు

పిలిచిన పలుకని బిడ్డను, ఎదుటివారి కన్నులలోనికి చూడని బిడ్డను చూచి, "ముద్దుచేసి చెడగొట్టినది" యని కొందరును, "దగ్గరకు తీయక పెంచినది" యని కొందరును తల్లినే నిందింతురు. పరస్పర విరుద్ధములగు నీ రెండు మాటలును ఒక్క తల్లిమీదనే పడుచుండుట మేము వినుచున్నాము. అట్టి బిడ్డలలో కొందరికి గల స్థితిని ఆటిజమందురు. అది మెదడు ఎదుగుదలకు సంబంధించినదే కాని పెంపకపు లోపము కాదని సోదరీమణులకు తెలుపగోరి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

1943లో అమెరికాయందలి బాల్టిమోరు నగరమున లియో కానరను వైద్యుడు 11 మంది పిల్లలను పరీక్షించి యీ స్థితిని వర్ణించెను. 1967లో బ్రూనో బెటల్‌హైమను నాతడు తన గ్రంథమున దోషమును తల్లిదండ్రులపై, ముఖ్యముగా తల్లులపై మోపెను. ఎందరో తల్లులు ఆ మాట నమ్మి కుమిలిపోయిరి. 1977లో సూసన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రటర్ అను వైద్యులు జంటకొక్కరికైనను ఆటిజము గల 21 కవల జంటలను పరిశీలించిరి. ఏకరూప కవలల జంటలు 11లో 4 జంటలయందు ఇరువురికిని ఆటిజముండెను. తక్కిన 10 జంటలలో ఒక్కదానియందును అట్లు లేకుండెను. కవలలు పెరుగునది ఒక్క యొడిలోనే కదా! ఈ భేదమునకు మూలము పుట్టుకలోనే యున్నదని దీనివలన తేటపడినది.

మెదడులో ఇరుప్రక్కల, లోపలి భాగమున, బాదముగింజను బోలిన "అమిగ్డలా" కలదు. ఎదుటి ముఖమున భయమున్నదో ప్రేమయున్నదో పసిగట్టుటకు అది తోడ్పడును. మెదడు అడుగున ముఖములను గుర్తించు తావొకటియు, చెవికి పైప్రక్కన చూపుల కదలికను గ్రహించు తావొకటియు కలవు. ఇవి కలిసి పనిచేయుటచేతనే మనము ఇతరుల మనస్సును క్షణములో ఊహింపగలుగుచున్నాము. ఆటిజము గలవారిలో వీని పనితీరు వేరుగా నుండునని పెక్కు పరిశోధనలు చూపినవి. అయితే అది అందరిలో ఒక్కతీరున నుండదు.

2005లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమువారి పరిశోధనలో, ఆటిజము గలవారు చిత్రములలోని కన్నులను ఎంతసేపు చూచిరో, వారి అమిగ్డలా అంత యధికముగా చలించెను. కావున చూపు తప్పించుటను తిరస్కారమని యెంచరాదు; అది లోపలి యలజడినుండి తప్పుకొనుట కావచ్చును. పిదప ఆటిజమున్నదని తేలిన శిశువులు సైతము 2 నెలల వయస్సున ఇతర శిశువులవలెనే కన్నులను చూచిరనియు, 6 నెలలు నిండులోపల ఆ చూపు క్రమముగా తగ్గినదనియు వారెన్ జోన్స్, ఆమి క్లిన్ అను పండితులు 2013లో ప్రకటించిరి.

కాబట్టి "నా కన్నులలోనికి చూడు" మని గడ్డము పట్టి త్రిప్పవలదు. చెప్పదలచినది చిన్నమాటలలో స్పష్టముగా చెప్పి, బదులునకు వ్యవధి యీయవలెను. పిలుపునకు పలుకని బిడ్డకు చెవుల పరీక్ష చేయించి, పిల్లల వైద్యునికి చూపుటలో ఆలస్యము కూడదు. మనదేశమున 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును గూడ గుర్తించినది.

పేరంటమునకు వెళ్లిన యింట అట్టి బిడ్డ కనబడినచో, తల్లిని ప్రశ్నలతో వేధింపక, బిడ్డ ఆడుకొనుచున్నచోట కొంతసేపు ఊరక కూర్చుండుడు. ఆ తల్లికి మీరిచ్చు తాంబూలమున కంటె అది మిన్న.