చెఱకుగడ మీది తెల్లపొడి



బోధను ప్రాంతమున నేను బడిపంతులుగా నున్న దినములలో ఒక బాలుడు చెఱకుగడను వ్రేలితో రాచి, "అయ్యా, దీనికి బూడిద పూసినదెవరు?" అని నన్నడిగెను. బండ్లబాట దుమ్మని చెప్పి కూర్చుండబెట్టితిని. కావ్యములు చదివిన నాకు ఆనాటికి తెలిసినది అంతే.

అది దుమ్ము గాదు, మైనము. మొక్క పైపొరలోని కణములే దానిని తయారుచేసి వెలికి నెట్టును. గడపై కణుపునకు దిగువను తెల్లని పట్టీవలె దట్టముగా కనబడును. ఆకుపై మిక్కిలి పలుచగా నుండును. తలవెండ్రుక మందములో పదియవవంతైన లేని యీ పొరయే ఎండకాలమున మొక్కకు ప్రాణరక్ష.

ఎట్లనగా, ఆకునందు సన్నని రంధ్రములు లెక్కకు మిక్కిలిగా కలవు. వానిద్వారా మొక్క గాలిలోని బొగ్గుపులుసు వాయువును ఆహారమునకై గ్రహించును. తలుపు తెఱచినప్పుడు లోని తేమ ఆవిరియై పోవుట తప్పదు. కాలువనీరు ఆలస్యమైనపుడు చెఱకు ఆ తలుపులను మూసికొనును. కాని మైనపుపూత లేకున్నచో, తలుపులు మూసినను ఆకు క్రొత్తకుండవలె ఒడలెల్ల చెమర్చి యెండిపోవలసినదే. నీటికిని మైనమునకును పొత్తు కుదరదు గనుక, పూతగుండా పోవు తేమ మిక్కిలి స్వల్పము.

నిజామాబాదు అంగడిలో మీరు కొను బూడిదగుమ్మడికాయ మీది బూడిదయు నిదియే. కోయని కాయ అటకమీద నెలల తరబడి నిలుచుటకు ఈ పూత యొక కారణము. కత్తి పడినదా, రెండు దినములలో వాడును. తామరాకుపై నీరు అంటకుండుటకును మైనమే సాయము. పండితులము మేము ఆ నీటిబొట్టును వేదాంతమునకు వాడుకొంటిమే గాని, వంగి ఆకును చూచినవారము గాము.

కత్తి మాట వచ్చినది గనుక చెప్పెదను. చెఱకు నఱికినప్పుడు రెండు కొనలయందును మైనము లేని పచ్చిగాయ మేర్పడును. తేమ అచటినుండి పోవును, బరువు తగ్గును, నాలుగు దినములు నిలిచిన తీపియు చెడును. 1937లో స్థాపింపబడిన బోధను చక్కెర కర్మాగారము, నిజాంసాగరు నీటితో పండిన చెఱకును దగ్గఱనే పిండుచుండెను. 2015లో అది మూతపడిన పిమ్మట గడకు దూరప్రయాణము పట్టినది. ఎండలో నిలిచిన ప్రతి దినమును రైతునకు తూకమున నష్టమే. కావున, బండి వచ్చునని నిశ్చయమైన పిదపనే నఱకుడు. నఱికిన గడను నీడనుంచి చెఱకాకు కప్పుడు. నాటు ముచ్చెలకును ఇదే గతి: కోసిన నాడే నాటుట మేలు, వీలుపడనిచో తడి గోనెపట్టా కప్పి యుంచుడు.