ఇడుపు కాగితంతో పెళ్లి తెగుతుందా?

సిద్దిపేట చుట్టుపక్కల ఊళ్లలో భార్యాభర్తల తగువు ముందుగా వెళ్లేది పెద్దమనుషుల దగ్గరికి. రెండు మూడు పంచాయతీలైనా పొసగకపోతే స్టాంపు కాగితం మీద ఒప్పందం రాస్తారు. అదే ఇడుపు కాగితం. అబ్బాయి తరఫు వాళ్లు ఇంత సొమ్ము ఇవ్వాలి, అమ్మాయి తరఫు వాళ్లు కేసు పెట్టకూడదు, ఇకమీదట ఎవరి దారి వారిది. సంతకాలు, సాక్షులు, నోటరీ ముద్ర అన్నీ పడతాయి. విడాకులైపోయాయనే అందరూ అనుకుంటారు. చట్టం దృష్టిలో మాత్రం ఆ ఇద్దరూ ఇంకా ఆలుమగలే.

1955 నాటి హిందూ వివాహ చట్టం కింద పెళ్లిని రద్దు చేయాల్సింది కోర్టు. కులాచారం ప్రకారం విడిపోవడాన్ని కూడా 29వ సెక్షన్ గుర్తిస్తుంది, నిజమే. కానీ ఆ ఆచారం తమలో తరతరాలుగా ఉందని సాక్ష్యాలతో రుజువు చేయాలని 2002లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ‘మా దాంట్ల అందరు ఇట్లనే చేస్తరు’ అంటే సరిపోదు. షెడ్యూల్డు తెగలకు ఈ చట్టం నేరుగా వర్తించదు కాబట్టి తండాల వాళ్లు తమ సంగతి వకీలుతో విడిగా మాట్లాడుకోవాలి.

ఆ కాగితాన్ని నమ్మి మళ్లీ పెళ్లి చేసుకుంటే ఎక్కువ నష్టపోయేది రెండో భార్య. ఆమె పెళ్లి చెల్లదు. భర్త పోయాక పింఛను దగ్గర, ఆస్తి దగ్గర చిక్కులు మొదలవుతాయి. మొదటి భార్య ఫిర్యాదు చేస్తే భర్తకు ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు. పిల్లలను మాత్రం చట్టం కాపాడింది, వాళ్లు సక్రమ సంతానమే.

విదేశీ కోర్టు ఇచ్చిన డిక్రీ కూడా అన్నివేళలా చెల్లదు. 1975లో తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒకాయన 1980లో అమెరికాలోని మిస్సోరీ కోర్టు నుంచి విడాకులు తెచ్చుకుని, 1981లో మన యాదగిరిగుట్టలో మరో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య కేసు పెట్టింది. 1991లో సుప్రీంకోర్టు ఆ అమెరికా డిక్రీ ఇక్కడ చెల్లదని తేల్చింది. పెళ్లి ఏ చట్టం కింద జరిగిందో ఆ చట్టంలోని కారణాలతోనే విడాకులు ఇవ్వాలి, భార్య కూడా తన ఇష్టంతో ఆ కోర్టులో పాల్గొని ఉండాలి. పరాయి దేశంలో ఉన్న అల్లుడు ‘ఇక్కడే విడాకులు తీసుకున్న’ అని ఫోన్ చేస్తే ఈ తీర్పు గుర్తుంచుకోవాలి.

అలాగని పెద్దమనుషుల శ్రమ వృథా అని నేను అనను. వాళ్లు కుదిర్చిన షరతులనే పరస్పర అంగీకార విడాకుల పిటిషన్‌లో రాయించండి, అప్పుడు వాటికి కోర్టు బలం వస్తుంది. ఏడాదిగా విడిగా ఉంటున్నవాళ్లు ఈ పిటిషన్ వేయొచ్చు. ఒకే ఇంట్లో ఉన్నా సంసారం లేకపోతే విడిగా ఉన్నట్టే లెక్క. వేశాక ఆరు నెలలు ఆగి, పద్దెనిమిది నెలల లోపు మళ్లీ ఇద్దరూ కోర్టులో సరే అనాలి. రాజీకి దారి లేదని తేలితే ఆ ఆరు నెలలను కోర్టు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. డిక్రీ వచ్చేలోపు ఎవరైనా మనసు మార్చుకోవచ్చు. అందుకే సొమ్మంతా ముందే చేతిలో పెట్టకుండా వాయిదాల ప్రకారం ఇచ్చేలా రాసుకోవడం మేలు.

ఒకరు ఒప్పుకోకపోతే క్రూరత్వం, రెండేళ్లు వదిలేసి పోవడం వంటి కారణం ఏదో ఒకటి రుజువు చేయాలి. ‘మనసులు కలవలేదు’ అన్నది జిల్లా కోర్టులో కారణం కాదు. ఆ ఒక్క కారణంతో పెళ్లి రద్దు చేసే ప్రత్యేక అధికారం సుప్రీంకోర్టుకే ఉందని 2023లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది.

కేసు వేయడానికి అత్తగారి ఊరికి పోవాల్సిన పని లేదు. పుట్టింట్లో ఉంటున్న భార్య అక్కడి కోర్టులోనే వేయొచ్చు. సిద్దిపేటకు సొంత జిల్లా కోర్టు 2022 జూన్ 2న వచ్చింది, అంతకుముందు జిల్లా కోర్టంటే సంగారెడ్డే.

కేసు తేలేదాకా ఎట్లా బతకాలన్నదే ఆడవాళ్లను ఎక్కువగా భయపెట్టే ప్రశ్న. భరణం అడగడానికి విడాకులు అక్కర్లేదు. దుబ్బాకలోనో సిద్దిపేటలోనో బీడీలు చుట్టి నాలుగు రూపాయలు సంపాదిస్తున్నంత మాత్రాన భార్య హక్కు పోదు, ఆ సంపాదన ఆమె బతుకుకు చాలుతుందా అన్నదే కోర్టు చూస్తుంది. 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు ప్రమాణపత్రంలో చూపాలి. భరణం దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్కకడతారు. విడాకులైన ముస్లిం స్త్రీకి కూడా భరణం అడిగే హక్కు ఉందని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది, అది మన తెలంగాణ నుంచి వెళ్లిన కేసే.

భర్త ఆస్తిలో సగం వస్తుందన్న మాట మాత్రం నిజం కాదు, మన దగ్గర అలాంటి చట్టం లేదు. పుట్టింటి వాళ్లు పెట్టిన బంగారం, సామాను పూర్తిగా ఆమెవే. అవి అత్తింట్లో ఉన్నా తిరిగి ఇవ్వాల్సిందే. కట్నంగా తీసుకున్నది కూడా ఆమెకే చెందుతుంది.

ఐదేళ్ల లోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉంటారు. ఆ తర్వాత కోర్టు చూసేది బిడ్డ మేలు. పంచాయతీలో తల్లి ‘పిల్లకు ఏమీ అడగను’ అని సంతకం పెట్టినా ఆ పిల్ల హక్కు పోదు. తండ్రి పోషించాల్సిందే.

వకీలు ఫీజుకు భయపడి చాలామంది స్టాంపు కాగితంతో ఆగిపోతున్నారు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100కు ఫోన్ చేసినా చాలు. వెళ్లేటప్పుడు పెళ్లి ఫొటోలు, శుభలేఖ, ఆధార్, పిల్లల జనన ధ్రువపత్రాలతో పాటు ఆ ఇడుపు కాగితాన్ని కూడా తీసుకెళ్లండి. విడాకులు అయ్యాయని అది నిరూపించకపోయినా, ఇద్దరూ ఎప్పటి నుంచి విడిగా ఉంటున్నారో చెప్పడానికి సాక్ష్యంగా పనికొస్తుంది.