35 కోట్ల ముక్కల ముక్కు

పువ్వు దగ్గరికి తీసుకుని ఒక్కసారి గట్టిగా ఎగపీలుస్తాం. ఆ ఒక్క ఎగపీల్పు లెక్క తేల్చడానికి రెండు సూపర్ కంప్యూటర్లు పనిచేశాయి. బార్సిలోనా సూపర్ కంప్యూటింగ్ సెంటర్‌లోని హాద్రియాన్ కాల్మే, లండన్ ఇంపీరియల్ కాలేజీలోని డెనిస్ డూర్లీ, వారి సహచరులు 2016లో ప్రచురించిన పని అది. ఒక మనిషి ముక్కు నుంచి పెద్ద శ్వాసనాళాల దాకా ఉన్న దారిని 35 కోట్ల గడులుగా విడగొట్టి, గాలి ఎక్కడ పరుగెత్తింది, ఎక్కడ సుడి తిరిగింది అన్నది క్షణక్షణానికీ లెక్కగట్టారు. శ్వాసమార్గం మీద అంత భారీ లెక్కలకు అదే నాంది.

అన్ని గడులు అవసరమయ్యేంత వంకర దారి మరి. ముక్కు రంధ్రం దాటాక సుమారు 2 సెంటీమీటర్ల లోపలే ఉంది శ్వాసమార్గం మొత్తంలో అతి ఇరుకైన చోటు. ఊపిరి పీల్చేటప్పుడు గాలికి ఎదురయ్యే అడ్డులో దాదాపు సగం ముక్కులోనే. ఆ ఇరుకే మనకు కాపలా. 10 మైక్రాన్లు దాటిన ధూళి, పుప్పొడి గాలితోపాటు మలుపు తిరగలేక గోడకు గుద్దుకుని చీమిడిలో చిక్కుకుంటాయి. ఒకటి రెండు నానోమీటర్ల అతి సూక్ష్మ కణాలూ తప్పించుకోలేవు: గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ ఊగిసలాడి గోడకు తగులుతాయి. సులువుగా జారిపోయేవి నడిమి సైజువి, అంటే మైక్రానులో పదో వంతు నుంచి సగం దాకా ఉన్నవి. కట్టెల పొయ్యి పొగలోనూ, అగరొత్తుల పొగలోనూ ఎక్కువగా ఉండేవి సరిగ్గా అవే. ముక్కుందిగదా అని పొగ దగ్గర ధీమాగా కూర్చోకూడదు.

గాలిని పోనివ్వడంలో మనల్ని మించినవాళ్లు నియాండర్తల్ మానవులు. 2018లో ఆస్ట్రేలియాకు చెందిన స్టీఫెన్ రో బృందం పుర్రెల నమూనాలతో లెక్కవేస్తే, మనకన్నా దాదాపు రెట్టింపు గాలి వాళ్ల ముక్కులో సాగగలదని తేలింది.

అన్నిటికన్నా వింత మాత్రం ఖాళీ ముక్కు. లోపల మడతలుగా ఉండే టర్బినేట్లను ఆపరేషన్‌లో మరీ ఎక్కువగా తీసేస్తే, దారి విశాలంగా తెరుచుకున్నా కొందరికి ఊపిరాడదు. 1994లో అమెరికా మేయో క్లినిక్ వైద్యులు దీన్ని 'ఖాళీ ముక్కు' జబ్బన్నారు. కారణం కంప్యూటర్ సిమ్యులేషన్‌లో కనబడింది: గాలి మధ్యలోంచి దూసుకుపోతోంది, కింది గోడలను సరిగా తాకడం లేదు. గాలి ఆడుతోందని మనకు తెలిసేది ఆ గోడలు చల్లబడటం వల్లే. మెంథాల్ ఉన్న అమృతాంజనం రాసుకోగానే ముక్కు తెరుచుకున్నట్టు అనిపించేదీ అందుకే. నిజానికి దారి వెడల్పేమీ పెరగదు, చల్లదనాన్ని పసిగట్టే నాడులు మేలుకుంటాయంతే. రోగి "ఊపిరాడట్లేదు" అంటే, స్కాన్‌లో దారి బాగానే ఉందని తోసిపుచ్చకూడదనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

ముక్కులో కొట్టుకునే స్ప్రే మందుకు కూడా ముందువైపు ఇరుకే పెద్ద అడ్డు. చుక్కల్లో చాలావరకు అక్కడే అంటుకుపోతాయి. మందు చేరవలసిన చోటికి సూటిగా గీత గీసినట్టు నాజిల్‌ను గురిపెడితే ఎక్కువ మందు లోపలికి చేరుతుందని 2020లో అమెరికా పరిశోధకులు సిమ్యులేషన్లతో చూపించారు. ఏ కోణంలో పట్టుకోవాలో డాక్టరును ఒకసారి అడిగి తెలుసుకోండి.