గులాబీకి చలే కావాలన్నదెవరు?

గులాబీ అనగానే ఊటీ, కశ్మీర్ గుర్తొస్తాయి కదూ? వేసవిలో 40 డిగ్రీలు దాటే మన హత్నూరలో, ఇంటి ముందు ఘుమఘుమలాడే గులాబీ పూస్తుందంటే నమ్ముతారా? పందెం కాయకండి, ఓడిపోతారు!

మీకు తెలుసా? ప్రపంచంలోకెల్లా పెద్ద గులాబీ చెట్టు ఉన్నది అరిజోనా ఎడారి ఎండలో! టూంబ్‌స్టోన్ అనే ఊళ్లో 1885లో నాటారు. ఇప్పుడు దాని పందిరి 8,000 చదరపు అడుగుల పైమాటే. దాని కింద పెళ్లి భోజనాలు పెట్టేయొచ్చు!

మీకు తెలుసా? పన్నీరు గులాబీగా పిలుచుకునే ఎడ్వర్డ్ రోజ్ పుట్టిల్లు హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి. చైనా గులాబీకీ డమాస్క్ గులాబీకీ అక్కడ కలిసిన సంబంధం అది. మళ్లీ మళ్లీ పూసే గుణం ఒకరిది, పరిమళం ఇంకొకరిది. ఇంతకన్నా మంచి జాతకం ఉంటుందా!

మీకు తెలుసా? ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్‌గా పనిచేసిన ఎం.ఎస్. వీరరాఘవన్ ఫైళ్లు వదిలి గులాబీలు పట్టుకున్నారు! భార్య గిరిజతో కలిసి కొడైకెనాల్‌లో ఉంటూ, వేడి నేలల కోసమే కొత్త రకాలు సృష్టించారు. అందుకు ఆయన ఎంచుకున్న అడవి గులాబీల్లో ఒకటి రోజా క్లైనోఫిల్లా. వరద నీళ్లలో మునిగినా బతికే మొక్క! ఇంకొకటి మణిపూర్ కొండల్లో చెట్లపైకి ఎగబాకే రోజా జైగాంటియా. దాని సంతతిలో ఒక గులాబీ పేరు గోల్డెన్ థ్రెషోల్డ్. హైదరాబాద్‌లో సరోజినీ నాయుడు ఇంటి పేరూ అదే. నాకైతే ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా ఒళ్లు పులకరిస్తుంది.

మీకు తెలుసా? కిలో గులాబీ అత్తరు తీయాలంటే మూడు నాలుగు టన్నుల పూలు కావాలి. అమ్మో, లారీ లోడు చిన్న సీసాలోకి!

మీకు తెలుసా? ఎండ ముదిరితే గులాబీ వాసన గాల్లో కలిసిపోతుంది. అందుకే అత్తరు పూలు తెల్లవారుజామునే కోస్తారు. పొద్దున్నే లేచి ఫస్ట్ షిఫ్ట్ బస్సు పట్టుకునేవాళ్లకు ఆ వేళ ఒక వరం! మంచు తడి ఆరకముందే ఒక రేక తెంపి రెండు వేళ్ల మధ్య మెల్లగా నలపండి. వేళ్లకంటిన ఆ వాసన బస్సులోనూ మీ వెంటే!

మీకు తెలుసా? బొకేల్లోని గులాబీల్లో చాలావాటికి వాసనే ఉండదు. ఎక్కువ రోజులు వాడిపోకుండా ఉంటే చాలని పెంచిన రకాలవి. కాబట్టి నర్సరీలో రంగు చూసి మోసపోకండి. ముందు వాసన చూడండి, తర్వాతే బేరం!

మొక్కను రోజుకు కనీసం ఆరు గంటలు ఎండ తగిలే చోట నాటండి. వేర్ల దగ్గర నీళ్లు నిలవనీయకండి. బాగా ఎదిగాక, వానలు వెళ్లిన అక్టోబరులో కొమ్మలు కత్తిరించండి. అక్కణ్నుంచి క్యాలెండర్‌లో లెక్కపెట్టుకోండి. దాదాపు 45 రోజులకు మీ వాకిట్లో పూలు!