మే ఎండకు కుదిర్చిన జెట్

రామగుండంలో మే నెల మధ్యాహ్నం ఎండ 45 డిగ్రీలు దాటడం ఏటా చూసేదే. ఉమ్మడి ఆదిలాబాద్‌లోని గిన్నెధరి, అర్లి-టి, సిర్పూర్-యు పేర్లు మాత్రం చలికాలంలోనే పేపర్లకెక్కుతాయి. తెల్లవారుజామున ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలకు పడిపోయే రోజులు అక్కడ ఉంటాయి. ఇంత తేడాలో గాలి బరువు కూడా మారిపోతుంది. మే మధ్యాహ్నం ఇక్కడి గాలి ఘనమీటరుకు సుమారు 1.08 కిలోలు తూగితే, జనవరిలో 8 డిగ్రీల చలి ఉన్న వేకువన 1.22 కిలోలు తూగుతుంది. ఊపిరి పీల్చే మనిషికి ఈ తేడా తెలియదు. కార్బురేటర్ ఉన్న పాత బండికి బాగా తెలుస్తుంది. ఆ బండిని రేసు ట్రాకు మీదికి తీసుకెళ్లాలనుకున్నవాళ్లు ముందుగా అర్థం చేసుకోవాల్సింది ఇదే.

కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, నిర్మల్ పట్టణాల్లో పాత బండి అనగానే చాలామందికి యమహా ఆర్ఎక్స్100 గుర్తొస్తుంది. ఎస్కార్ట్స్‌తో కలిసి యమహా 1985లో మొదలుపెట్టి 1996 దాకా మన దేశంలో తయారు చేసిన టూ-స్ట్రోక్ బండి అది. ఇంజన్ 98 సీసీ, శక్తి సుమారు 11 హార్స్‌పవర్, బరువు కాస్త అటూ ఇటుగా 100 కిలోలు. ఆ బరువుకు ఆ శక్తి చాలా ఎక్కువ కాబట్టే మూడు దశాబ్దాల తర్వాత కూడా యువకులు దాని కోసం వెతుకుతున్నారు. అదే ఎస్కార్ట్స్ 1983లో తెచ్చిన రాజ్‌దూత్ 350 కూడా అక్కడక్కడా బతికే ఉంది. అది రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్.

వేగం రుచి చూడాలనుకునేవాళ్లకు రాజీవ్ రహదారి దగ్గర్లోనే ఉంది. కానీ రోడ్డు మీద పందెం పెడితే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ వర్తిస్తుంది. 2019 సవరణ తర్వాత మొదటి తప్పుకే మూడు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. చట్టం సంగతి అలా ఉంచినా, ఆ రోడ్డు మీద ఇసుక లారీలు, గ్రానైటు దిమ్మెల ట్రెయిలర్లు, పొలాల నుంచి వచ్చే ట్రాక్టర్లు ఉంటాయి. వేగానికి తగిన చోటు ట్రాకే. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఒకప్పుడు చెన్నై ఉత్తరాన షోలవరంలో, రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే మీద పందేలు నడిపేది. 1990లో శ్రీపెరంబుదూర్ దగ్గర ఇరుంగట్టుకోట్టైలో సొంత ట్రాకు తెరిచింది. దాని పొడవు 3.717 కిలోమీటర్లు, మలుపులు పన్నెండు. కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే 2003లో వచ్చింది. ట్రాక్ డే అంటే పందెం కాదు. రుసుము కట్టి, తోలు సూటు వేసుకుని, పదిహేను ఇరవై నిమిషాల విడతలుగా సొంత బండిని నడుపుకునే రోజు.

కరీంనగర్ సముద్రమట్టానికి దాదాపు 265 మీటర్ల ఎత్తున ఉంటే ఇరుంగట్టుకోట్టై తీరానికి దగ్గర, పల్లంలో ఉంది. అందువల్ల అక్కడ గాలి ఒత్తిడి ఇక్కడికంటే రెండున్నర శాతం దాకా ఎక్కువ. మే మధ్యాహ్నం కరీంనగర్‌లో మెకానిక్ చక్కగా కుదిర్చిన కార్బురేటర్‌తో జనవరి పొద్దున 21 డిగ్రీల చెన్నైలో బండి స్టార్ట్ చేస్తే, లోపలికి వెళ్లే గాలి 10 శాతానికి పైగా చిక్కగా ఉంటుంది.

గాలి చిక్కబడితే పెట్రోలు కూడా అంతే పెరగదా? పెరగదు. కార్బురేటర్ పనిచేసే తీరు దోమల మందు కొట్టే చేతిపంపు లాంటిది. సన్నటి గొంతులో గాలి వేగంగా వెళ్తే అక్కడ ఒత్తిడి తగ్గి, కింది గిన్నెలోని పెట్రోలు జెట్ అనే చిన్న రంధ్రం గుండా పైకి లేస్తుంది. ఆ ఒత్తిడి తేడా గాలి సాంద్రతను బట్టి ఉంటుంది. అయితే రంధ్రంలోంచి వచ్చే ద్రవం ఒత్తిడి తేడాకు వర్గమూలంగానే పెరుగుతుంది. అంటే గాలి 10 శాతం చిక్కబడితే పెట్రోలు 5 శాతమే ఎక్కువ వస్తుంది. మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గుతుంది. మెకానిక్కులు ‘లీన్’ అనేది దీన్నే. పూర్తి శక్తి కోసం పెట్రోలు ఇంజన్‌కు ఒక పాలు పెట్రోలుకు పన్నెండున్నర, పదమూడు పాళ్ల గాలి కావాలి. అంతకంటే గాలి పెరిగిన కొద్దీ, పెట్రోలు సరిగ్గా మండిపోయే 14.7 దగ్గరికి వచ్చేదాకా మంట వేడి పెరుగుతుంది. అదనపు పెట్రోలు ఆవిరవుతూ ఇచ్చే చల్లదనం కూడా పోతుంది.

దీనికి ఇంకొకటి తోడైంది. 2025 నాటికి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే మామూలైపోయింది. ఇథనాల్ అణువులో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి ఆ మిశ్రమం కిలో మండడానికి 14.7 కిలోల గాలి అక్కర్లేదు, 13.5 కిలోలు చాలు. అదే జెట్, అదే గాలి, పెట్రోలు మాత్రం కొత్తది అయితే బండి సుమారు 8 శాతం లీన్‌గా నడుస్తున్నట్టే. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దంటూ ఊరి జనం జాతీయ రహదారి మీద బైఠాయించినప్పుడు వాళ్ల చింత నీళ్ల గురించి, పంటల గురించి. ఆర్ఎక్స్100 యజమాని చింత చిన్నది, కానీ అదీ నిజమే. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. పాతకాలం రబ్బరు పైపులను, వాషర్లను ఉబ్బేలా, పగిలేలా చేస్తుంది. నెలల తరబడి కదలని బండి ట్యాంకులో నీరు అడుగున చేరి తుప్పు పడుతుంది. ట్రాకుకు ముందు పెట్రోలు పైపులు, ఫ్లోట్ గిన్నె రబ్బరు మార్చడం, జాలీ విప్పి కడగడం వాయిదా వేయకూడని పనులు.

లీన్ అయితే ఏమవుతుంది? రోడ్డు మీద బహుశా ఏమీ కాదు. రాజీవ్ రహదారి మీద అల్గునూరు దాటాక నాలుగు సెకన్లు యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పేలోపే ముందు బస్సో, స్పీడ్ బ్రేకరో వస్తుంది, ఇంజన్ చల్లబడుతుంది. చిన్న ఇంజన్‌కు ట్రాకు మీద అలాంటి విరామం లేదు. ల్యాపులో ఎక్కువ భాగం పూర్తి యాక్సిలరేటర్ మీదే సాగుతుంది. పిస్టన్ అల్యూమినియం, సిలిండర్ లోపలి గోడ ఇనుము. ఒకే వేడికి అల్యూమినియం ఇనుముకు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 50 మిల్లీమీటర్ల పిస్టన్ 100 డిగ్రీలు వేడెక్కితే 0.1 మిల్లీమీటరు పెరుగుతుంది, ఇనప బోరు దాదాపు 0.055 మాత్రమే పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఆ రెంటి మధ్య సందు మిల్లీమీటరులో కొన్ని వందో వంతులే. పిస్టన్ అనుకున్నదానికంటే వేడెక్కితే సందు మాయమై, నూనె పొర చిరిగి, అల్యూమినియం గోడకు అంటుకుంటుంది. ఇంజన్ పట్టేస్తుంది. ఆ క్షణంలో వెనక చక్రం కూడా ఆగిపోతుంది. టూ-స్ట్రోక్ బండ్ల మీద పందేలు ఆడినవాళ్లు రెండు వేళ్లు ఎప్పుడూ క్లచ్ మీద ఉంచేది అందుకే. ఇంజన్ గొంతు మారగానే క్లచ్ నొక్కితే చక్రం తిరుగుతూ ఉంటుంది, మనిషి పడడు.

ఎక్కువ బండ్లు పట్టేసేది పూర్తి వేగంలో కాదు, వేగం చివర. తిన్నటి దారి అయిపోయి మలుపు రాగానే యాక్సిలరేటర్ వదులుతారు. పెట్రోల్లోనే ఆయిల్ కలిపే బండిలో పెట్రోలు ఆగితే ఆయిల్ కూడా ఆగుతుంది, ఇంజన్ మాత్రం ఇంకా వేల ఆర్‌పీఎం మీద తిరుగుతూ ఉంటుంది. భద్రత కోసమని లీటరుకు 30 మి.లీ. బదులు 50 మి.లీ. ఆయిల్ పోసేవాళ్లున్నారు. జెట్ రంధ్రంలో ఆ ఆయిల్ ఆక్రమించిన చోటు పెట్రోలుది. జెట్ మార్చకుండా ఆయిల్ పెంచితే మిశ్రమం మరింత లీన్ అవుతుంది.

గాలి దొంగదారిన కూడా దూరుతుంది. టూ-స్ట్రోక్ ఇంజన్‌లో పిస్టన్ కింది గది కూడా పంపులా పనిచేస్తుంది. క్రాంక్ రెండు చివర్ల ఉండే ఆయిల్ సీళ్లు ఏళ్ల తరబడి నిలిచిన బండిలో గట్టిపడి, పెదవి చిట్లి, బయటి గాలిని లోపలికి వదులుతాయి. ఎంత మంచి జెట్ వేసినా ఆ గాలి లెక్క తప్పిస్తుంది. ఇది కంటికి కనపడదు, కొలిచి తీరాలి. సైలెన్సర్ దారిని, కార్బురేటర్ దారిని రబ్బరుతో మూసి, చేతిపంపుతో ఆరు పీఎస్ఐ గాలి నింపి, గేజి ముల్లు కొన్ని నిమిషాలు నిలుస్తుందో లేదో చూడాలి. జారితే సబ్బు నీళ్లు రాసి బుడగ ఎక్కడ లేస్తుందో వెతకాలి. పాత బండికి పెట్టే ఖర్చులో ఇంతకంటే విలువైన అరగంట లేదు. అయినా ఈ పరీక్ష చేయకుండానే కొత్త పిస్టన్ వేసి, అదీ పట్టేశాక పిస్టన్‌ను నిందించడం మామూలైపోయింది.

పట్టేసిన ఇంజన్ చచ్చినట్టు కాదు. బోరు చేయించి 0.25 మిల్లీమీటరు పెద్ద పిస్టన్ వేస్తారు. మళ్లీ అరిగితే 0.50, ఆ తర్వాత 0.75, ఆపై 1.00. నాలుగో బోరుకు 50 మిల్లీమీటర్ల సిలిండర్ 51 అవుతుంది, 98 సీసీ కాస్తా 102 దాటుతుంది. బోరు చేసే పనివాడి ముందు ఆ పిస్టన్‌నే పెట్టాలి, డబ్బా మీది సైజును నమ్మకూడదు. పైన, మధ్యలో, కింద, రెండు దిక్కులా కొలిపించుకోవాలి. అరుగుదలకు మన ప్రాంతంలో ప్రత్యేక కారణమూ ఉంది. కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైటు దేశాలు దాటి వెళ్తుంది, దాని దుమ్ము మాత్రం ఇక్కడే ఉంటుంది. గ్రానైటులోని క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ కొలమానం మీద 7, మామూలు ఇనుముది 4 దగ్గర. చిరిగిన ఎయిర్ ఫిల్టర్ గుండా ఆ ధూళి వెళ్తే బోరును సానపడుతుంది. శబ్దం కోసం ఫిల్టర్ డబ్బానే పీకేసి నడిపేవాళ్లు గోదావరిఖని ఓపెన్‌కాస్టుల పక్కన ఏం పీలుస్తున్నారో ఇంజన్ తరఫున ఒకసారి ఆలోచించాలి.

వేగం పెంచేది ఇంజన్ వేడి అయితే, తగ్గించాలన్నా వేడి పుట్టాల్సిందే. మనిషితో కలిపి 170 కిలోల బండి గంటకు 90 కిలోమీటర్ల నుంచి 36కి దిగితే సుమారు 45 కిలోజౌళ్ల శక్తి బ్రేకుల్లో వేడిగా మారుతుంది. ఒక కిలో ఇనుమును 100 డిగ్రీలు వేడి చేయడానికి అది సరిపోతుంది. ఇంకో మలుపు వచ్చేలోపు అదంతా గాలిలో కలవదు. ఆర్ఎక్స్100 ముందు చక్రానికి ఉన్నది 130 మిల్లీమీటర్ల డ్రమ్ము. వేడి 150 డిగ్రీలు పెరిగితే దాని వ్యాసం కనీసం 0.2 మిల్లీమీటరు పెరుగుతుంది, అంటే డ్రమ్ము లైనర్ల నుంచి దూరం జరుగుతుంది. బ్రేకు లివర్ హ్యాండిల్ వైపు వచ్చేస్తుంది. లైనర్ పైపొర గాజులా మెరిసి పట్టు కోల్పోతుంది. కొత్త లైనర్లు వేసి, వాటి చివరలు కాస్త ఏటవాలుగా రుద్ది, కేబుల్ మార్చి, ప్రతి విడత తర్వాతా సర్దుబాటు చూసుకోవాలి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి ఆ ధూళిని గాలి గొట్టంతో ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి.

2008లో వచ్చిన మొదటి తరం యమహా ఆర్15 కూడా ఇప్పుడు పాత బండే. దానికి జెట్ల బాధ లేదు. సెన్సర్లు గాలి వేడిని, ఒత్తిడిని కొలిచి చెప్తే కంప్యూటర్ పెట్రోలు తూకం సరిచేస్తుంది. దాని బలహీనత బ్రేకు ఆయిల్లో ఉంది. డాట్-4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు. వానాకాలాలు గడిచి తేమ పీల్చుకున్నాక 155 డిగ్రీల దగ్గరే మరగవచ్చు. మరిగితే పుట్టేది ఆవిరి, ఆవిరి నొక్కుకుపోతుంది, లివర్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. చిన్న సీసా ఆయిల్‌తో పోయే ప్రమాదం ఇది. రేడియేటర్‌లోని పచ్చ కూలెంట్ కిందపడితే ట్రాకు జారుతుంది కాబట్టి చాలా ట్రాకులు దాన్ని ఒప్పుకోవు, మంచినీళ్లే పోయమంటాయి.

టైర్ల విషయంలో పక్కన ముద్రించిన నాలుగంకెలే సగం కథ చెప్తాయి. 2319 అంటే 2019లో 23వ వారం. నీడలో నిలిపినా రబ్బరు ఏళ్లతో గట్టిపడుతుంది. గాలి చల్లని టైరులో 28 పీఎస్ఐ పెడితే, 30 డిగ్రీల నుంచి 70కి వేడెక్కేసరికి 33 దాటుతుంది. అందుకే విడత అయిన వెంటనే కొలిచి తగ్గించుకుంటారు. ముందు ఫోర్కు ఆయిల్, కోన్‌సెట్, చక్రాల బేరింగులు, చైన్ స్ప్రాకెట్, ఫ్రేము వెల్డింగుల దగ్గర జుట్టంత పగుళ్లు కూడా బయల్దేరకముందే చూసుకోవాల్సినవి. ఆయిల్ డ్రెయిన్ బోల్టుకు తీగ కట్టడం చాలా చోట్ల తప్పనిసరి.

ట్రాకు దగ్గరికి చేరాక జెట్ల పని మళ్లీ మొదలవుతుంది. కరీంనగర్‌లో వాడినదానికంటే ఒకట్రెండు సైజులు పెద్ద మెయిన్ జెట్‌తో మొదలుపెట్టడం మంచిది. ఇంజన్ మందంగా, పొగతో నడిస్తే శక్తి పోతుంది, పిస్టన్ పోదు. మూడు నాలుగు ల్యాపులయ్యాక పిట్‌లోకి తిరిగే దారి ముందు పూర్తి యాక్సిలరేటర్ మీద ఉండగానే క్లచ్ నొక్కి ఇంజన్ ఆపేసి, వెనక ఎవరూ లేరని చూసుకుని పక్కకు దొర్లి వచ్చి ప్లగ్ విప్పాలి. నల్లగా ఉంటే ఒక సైజు దించాలి, ఇటుక రంగు వస్తే ఆగాలి, తెల్లబడితే వెంటనే పెద్దది వేయాలి. ఆ పొద్దున ఉష్ణోగ్రత, జెట్ నంబరు, ప్లగ్ రంగు ఒక పుస్తకంలో రాసుకుంటే వచ్చే ఏడాది సగం పని తగ్గుతుంది. ఇంటికి చేరాక హెడ్ విప్పి, రింగును బోరులోకి దించి, దాని రెండు కొసల మధ్య సందును ఫీలర్ గేజితో కొలవాలి. పెరిగితే రింగులు మార్చాలి. ఆ ఖర్చు కొద్దిదే. వదిలేస్తే వచ్చే సీజన్‌కు ముందు బోరు దాకా వెళ్లాలి.